జతపరచండి ప్రశ్నలో చదవని పిల్లలకూ పూర్తి మార్కులు ఎందుకు వస్తున్నాయి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరు విజయనగరం జిల్లాలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో కొత్తగా చేరారు. 7వ తరగతి సాంఘికశాస్త్రం యూనిట్ టెస్టులో ఎడమ పది, కుడి పది అంశాలతో జతపరచండి ఇచ్చారు. పాఠం ముట్టుకోని పిల్లలకు కూడా పదికి పది వచ్చాయి. బాగా చదివే అమ్మాయికి మాత్రం ఎనిమిదే వచ్చి ఏడ్చింది. ఈ ప్రశ్న ఇవ్వడం మానేయాలా, లేక నేను తయారు చేయడంలోనే తప్పు ఉందా అని అడిగారు.

మానకండి. జతపరచండి మంచి ప్రశ్న. తేడా అంతా కుడివైపు వరుసలో ఉంది. నేను పాతికేళ్ళకు పైగా శ్రీకాకుళం జిల్లా హైస్కూళ్ళలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. కాంప్లెక్స్ మీటింగుల్లో (చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే సమావేశాల్లో) మిగతా సబ్జెక్టుల ప్రశ్నపత్రాలు కూడా చాలా చూశాను. నాకు అర్థమైనది ఒక్కటే: కుడివైపు ఉన్న ప్రతి జవాబూ ఎడమవైపు ఉన్న ప్రతి అంశానికీ "ఇదే అయ్యుండొచ్చు" అనిపించాలి. పాఠం చదివినవాడికి మాత్రమే ఏది దేనిదో తెలియాలి. ఇది కుదిరితే మిగతా నియమాలు సగం వాటంతట అవే కుదురుతాయి. ఇది కుదరకపోతే మిగతావన్నీ పాటించినా ప్రయోజనం ఉండదు.

మీరు పెట్టిన పది జతల్లో ఐదింటిని తీసుకుందాం.

1. బొబ్బిలి యుద్ధం ( ) ఎ. పక్షుల విడిది
2. గొట్టా బ్యారేజి ( ) బి. 1757
3. పొందూరు ( ) సి. హరికథ
4. తేలినీలాపురం ( ) డి. వంశధార
5. ఆదిభట్ల నారాయణదాసు ( ) ఇ. ఖాదీ

ఇప్పుడు పాఠం అసలు చదవని పిల్లవాడిలా చూడండి. యుద్ధం అంటే సంవత్సరం ఉండాలి, కుడివైపు ఉన్న సంవత్సరం ఒక్కటే. బ్యారేజి అంటే నది, ఉన్న నది ఒక్కటే. మనిషి పేరుకి ఎదురు కళ పెట్టాలి, ఉన్న కళ హరికథ ఒక్కటే. అంటే ఒక్క విషయం కూడా తెలియకుండా మూడు జతలు కుదిరిపోయాయి. ఇక మిగిలినవి రెండు ఊళ్ళు. పొందూరు ఖాదీ గురించి మన వైపు విననివాళ్ళు ఎవరుంటారు? అది పెట్టగానే ఐదోది దానంతట అదే పడిపోతుంది. ఐదు మార్కుల ప్రశ్నలో మీరు పరీక్షించింది నిజానికి ఒక్క విషయాన్నే. అదీ బడిలో చెప్పింది కాదు, ఇంట్లో విన్నది.

యుద్ధం, నది, ఊరు, మనిషి, సంవత్సరం ఇలా కలగాపులగంగా పెడితే పిల్లవాడు పాఠంతో కాదు, పదాల తీరుతో జత కలుపుతాడు. అందుకే ఒక ప్రశ్నలో ఒకే జాతి అంశాలు ఉండాలి. ఎడమవైపు అన్నీ ఊళ్ళయితే, కుడివైపు అన్నీ ఆ ఊళ్ళు పేరు పొందిన వస్తువులే. ఎడమవైపు అన్నీ ప్రాజెక్టులయితే, కుడివైపు అన్నీ నదులే. ఒక పాఠంలో అలాంటివి ఐదు దొరకకపోతే ఆ పాఠానికి జతపరచండి వద్దు. రెండు మూడు పాఠాలు కలిపి ఇవ్వండి, లేదా ఖాళీలు పూరించమనండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. బ్లూప్రింట్‌లో (ఏ రకం ప్రశ్నలు ఉండాలో చెప్పే పట్టికలో) జతపరచండి ఉంది కాబట్టి ఎలాగైనా ఐదు జతలు నింపాలని పాఠంలో దొరికినదల్లా పెడతారు.

ఇప్పుడు ఆ అమ్మాయి ఎనిమిది మార్కుల సంగతి. అది విన్నప్పుడు నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే ఆమెకు బహుశా ఒక్క విషయమే తెలియదు. పదికి పది ఇచ్చి, ఒక్కో జవాబు ఒక్కసారే వాడాలి అన్నప్పుడు, అన్నీ నింపిన పిల్లలెవరికీ తొమ్మిది రావడం అసాధ్యం. ఒకటి తప్పు పెడితే ఆ జవాబు అసలు యజమాని దగ్గర లేకుండా పోతుంది, కాబట్టి రెండోదీ తప్పే అవుతుంది. ఒక తప్పుకి రెండు మార్కులు పోయాయి. మరోవైపు తొమ్మిది తెలిసినవాడికి పదోది ఊరికే వస్తుంది. ఎనిమిది తెలిసినవాడు మిగిలిన రెండింటినీ కళ్ళు మూసుకుని పెట్టినా రెండింట్లో ఒకసారి పదికి పది వస్తాయి. అంటే ఒకే ప్రశ్న, తెలిసిన పిల్లకు రెట్టింపు శిక్ష వేసి, తెలియని పిల్లవాడికి ఉచితంగా మార్కులు ఇచ్చింది.

దీనికి మందు తేలిక. కుడివైపు జవాబులు ఎక్కువ పెట్టండి. ఎడమ ఐదు, కుడి ఏడు. లెక్క చూడండి: ఐదుకి ఐదు ఉన్నప్పుడు మూడు తెలిసిన పిల్లవాడు మిగిలిన రెండు ఊహించి పెడితే, రెండూ సరిపోయే అవకాశం రెండింట్లో ఒకటి. కుడివైపు ఏడు పెడితే అతనికి ఇంకా నాలుగు జవాబులు మిగులుతాయి. ఆ రెండింటినీ నింపే తీరులు పన్నెండు, వాటిలో పూర్తిగా సరైనది ఒక్కటే. రెండు అదనపు జవాబులు రాయడానికి మనకు ఐదు నిమిషాలు పట్టదు, కానీ ఊహ మీద వచ్చే మార్కులు అంత తగ్గిపోతాయి.

ఇంకొక లెక్క కూడా తెలిసి ఉండాలి. ఐదుకి ఐదు ఇచ్చి, ఏమీ తెలియని పిల్లలు గుడ్డిగా నింపితే మొత్తం 120 తీరుల్లో నింపవచ్చు. వాటిలో 44 తీరుల్లో సున్నా, 45 తీరుల్లో ఒకటి, 20 తీరుల్లో రెండు, 10 తీరుల్లో మూడు, ఒక్క తీరులో ఐదూ వస్తాయి. సగటున ఒక మార్కు. పదికి పది ఇచ్చినా, ఇరవైకి ఇరవై ఇచ్చినా ఆ సగటు ఒకటే. అంటే గుడ్డిగా ఊహించినంత మాత్రాన పదికి పది రావు. మీ తరగతిలో చదవని పిల్లలకు అన్ని మార్కులు వచ్చాయంటే ఆధారం మీ జాబితాలోనే ఉందని దాని అర్థం. వాళ్ళు కాపీ కొట్టారని అనుకునే ముందు జాబితాను చూడండి.

అదనపు జవాబులు ఏవి పెట్టాలి అన్నది అసలు పని. నోటికొచ్చినది పెడితే పిల్లలు వెంటనే పక్కన పెట్టేస్తారు. నదుల వరుసలో "హిమాలయాలు" అని పెడితే అది అదనపు జవాబు కాదు, కాగితం దండగ. పిల్లలు నిజంగా ఏది పొరబడతారో అదే పెట్టాలి. అది మనకు వాళ్ళ నోటుపుస్తకాల్లో, తరగతిలో చెప్పే తప్పు జవాబుల్లో దొరుకుతుంది. నేను ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాను. పాఠం చెప్పేటప్పుడు ఎవరైనా ఆలోచించి చెప్పిన తప్పు జవాబు వస్తే అందులో రాసుకుంటాను. పరీక్ష నాటికి నా అదనపు జవాబులన్నీ అందులోనే ఉంటాయి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. అదనపు జవాబు ఎడమవైపు దేనికీ, ఏ రకంగానూ సరిపోకూడదు. ఒకే జవాబు కుడివైపు రెండు చోట్లా ఉండకూడదు. దీని గురించి నా తప్పే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో యుద్ధాలు, సంవత్సరాలు ఇచ్చాను. బొబ్బిలి యుద్ధం, ప్లాసీ యుద్ధం, వందవాసి యుద్ధం, బక్సర్ యుద్ధం, పద్మనాభ యుద్ధం. మంచి జాబితా అనుకున్నాను, అన్నీ ఒకే జాతి. కానీ బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో, ప్లాసీ అదే సంవత్సరం జూన్‌లో. ఐదుకి ఐదు సరిపోవాలని కుడివైపు 1757ని రెండు చోట్ల రాశాను, ఒకటి "బి" గా, ఇంకొకటి "ఇ" గా. కీ ప్రకారం బొబ్బిలికి బి, ప్లాసీకి ఇ. సగం తరగతి తిరగేసి రాసింది. దిద్దిన తోటి ఉపాధ్యాయుడు కీ చూసుకుని రెండూ తప్పు వేశారు. పేపర్లు ఇచ్చిన రోజు ఒక కుర్రాడు నిలబడి, "మాస్టారూ, రెండూ 1757 కదండీ, ఏటి తప్పు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అందరి పేపర్లూ వెనక్కి తీసుకుని మళ్ళీ దిద్దాను.

దాదాపు ఇదే తప్పు ఒక బడిలో భౌతికశాస్త్రం పేపర్లో చూశాను. ఎడమవైపు బలం, పీడనం, పని, శక్తి, సామర్థ్యం. కుడివైపు న్యూటన్, పాస్కల్, జౌల్, వాట్, ఇంకా అదనంగా కెల్విన్. పనికీ శక్తికీ ప్రమాణం జౌలే. అది తెలిసిన పిల్లలు రెండింటికీ జౌల్ రాయాలనుకుని, "ఒకే జవాబు రెండుసార్లు రాయొచ్చో లేదో" అన్న భయంతో శక్తికి కెల్విన్ పెట్టారు. తెలిసి తప్పు రాశారు. ఇలాంటి చోట పిల్లల తప్పు ఏమీ లేదు. మనం చెప్పాల్సిన ఒక్క వాక్యం చెప్పలేదు.

అందుకే సూచన పూర్తిగా రాయండి. "జతపరచండి" అన్న ఒక్క మాట చాలదు. నేను ఇలా రాస్తాను: "ఎడమవైపు ఇచ్చిన ప్రతి ప్రాజెక్టును అది కట్టిన నదితో జతపరచి, నది పక్కనున్న అక్షరాన్ని కుండలీకరణంలో రాయండి. ఒక నదిని ఒకసారి, రెండుసార్లు వాడవచ్చు, లేదా అసలు వాడకపోవచ్చు." ఎడమ ఏమిటి, కుడి ఏమిటి, ఏ సంబంధంతో కలపాలి, ఎన్నిసార్లు వాడొచ్చు, జవాబు ఎక్కడ రాయాలి అన్నవన్నీ అందులో ఉండాలి. ఎడమవైపు తోటపల్లి, గొట్టా, నారాయణపురం, తాటిపూడి, ఆండ్ర. కుడివైపు గోస్తని, చంపావతి, నాగావళి, మహేంద్రతనయ, వంశధార, శారద. తోటపల్లి, నారాయణపురం రెండూ నాగావళి మీదే. మహేంద్రతనయ, శారద ఎవరికీ రావు. ఇందులో ఒకటి తెలిస్తే ఇంకొకటి దానంతట అదే వచ్చే దారి లేదు, ఒక తప్పు ఇంకొక తప్పును లాక్కురాదు. ఆ అమ్మాయికి న్యాయం జరిగేది ఇలాంటి ప్రశ్నలోనే. జవాబు మళ్ళీ వాడుకోనిచ్చే పద్ధతి నాకు అన్నింటికన్నా ఇష్టం. అయితే ఏడాదిలో మొదటిసారి ఇచ్చేటప్పుడు బోర్డు మీద ఒక చిన్న ఉదాహరణ చేసి చూపించాలి. లేకపోతే పిల్లలు పాత అలవాటుతో ఒక్కసారి వాడినదాన్ని కొట్టేస్తూ పోతారు.

మీ 7వ తరగతికి నాకు బాగా నచ్చిన జాబితా ఇంకొకటి ఉంది. ఎడమవైపు: ఓటు వేయడానికి, గ్రామ సర్పంచ్‌గా పోటీ చేయడానికి, శాసనసభకు పోటీ చేయడానికి, లోక్‌సభకు పోటీ చేయడానికి, రాజ్యసభ సభ్యుడు కావడానికి, రాష్ట్రపతి కావడానికి ఉండాల్సిన కనీస వయసు. కుడివైపు: 18, 21, 25, 30, 35, 40. శాసనసభకూ లోక్‌సభకూ రెండింటికీ 25. నలభై ఎవరికీ కాదు. అన్నీ అంకెలే కాబట్టి భాష ఆధారం ఏమీ దొరకదు. దిద్దేటప్పుడు ఇంకొక లాభం. రాజ్యసభకు 25 రాసిన పిల్లలు ఎంతమంది అని లెక్కపెడితే, రెండు సభల తేడా తరగతికి అర్థమైందో లేదో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. మా దగ్గర ఒక ఏడాది సగానికి పైగా అలా రాశారు. రాజ్యసభ సభ్యులను ఎవరు ఎన్నుకుంటారో నేను సరిగ్గా చెప్పలేదని అప్పుడే తెలిసింది, ఆ పాఠం మళ్ళీ చెప్పాను. జతపరచండిలో నేను అన్నింటికన్నా విలువ ఇచ్చేది దీనికే: ఎవరు దేన్ని దేనితో కలిపారో రాసుకుంటే, పిల్లల బుర్రలో ఏది దేనితో కలిసిపోయి ఉందో కనిపిస్తుంది. ఖాళీలు పూరించండిలో అది కనబడదు. అక్కడ తెలియని పిల్లవాడు ఖాళీ వదిలేస్తాడు.

ఇక మన భాష ఇచ్చే ఆధారాలు. తెలుగులో లింగం, వచనం, విభక్తి ఎక్కడికక్కడ గుట్టు బయటపెట్టేస్తాయి. ఒకసారి మన జిల్లాల ప్రముఖులు, వాళ్ళ రంగాలు ఇచ్చిన పేపరు చూశాను. ద్వారం వెంకటస్వామి నాయుడు, ఆదిభట్ల నారాయణదాసు, కోడి రామమూర్తి, పి. సుశీల. కుడివైపు "వయొలిన్ విద్వాంసుడు, హరికథా పితామహుడు, మల్లయోధుడు, నేపథ్య గాయని". గాయని అన్న మాటతోనే సుశీల గారు తేలిపోయారు. "వయొలిన్, హరికథ, మల్లయుద్ధం, నేపథ్య గానం" అని రాసి ఉంటే ఆ దారి మూసుకుపోయేది. అలాగే ఎడమవైపు "ఈ నదులు ఒడిశాలో పుట్టాయి" అని బహువచనంలో రాసి, కుడివైపు ఒక్కచోటే "నాగావళి, వంశధార" అని రెండు పేర్లు పెడితే ఇక చదవాల్సిన పని లేదు. ఎడమ వాక్యంలో ఉన్న మాటే కుడి జవాబులో కూడా ఉంటే అదీ అంతే. వాక్యాలు రాశాక ఒకసారి నెమ్మదిగా పైకి చదవండి. చెవికి ఇలాంటివి వెంటనే తెలుస్తాయి.

తెలుగు పరీక్షలో మాత్రం వేరే చిక్కు. సంధులు ఇవ్వడం బాగుంటుంది: దేవేంద్రుడు, ఏకైక, అత్యంత, రామాలయం ఎడమవైపు, గుణ, వృద్ధి, యణాదేశ, సవర్ణదీర్ఘ, ఇంకా అదనంగా రెండు తెలుగు సంధులు కుడివైపు. అదే పదాలకు అర్థాలు ఇచ్చేటప్పుడు పర్యాయపదాలు కాలికి అడ్డం పడతాయి. జలం, తోయం రెండూ ఎడమవైపు ఉంటే నీరు ఇద్దరికీ చెందుతుంది. తెలుగు మాస్టార్లు నాకన్నా బాగా చెప్పగలరు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

వరుసల అమరిక గురించి. పొడవైన మాటలు ఎడమవైపు, పొట్టి జవాబులు కుడివైపు ఉండాలి. ఎందుకంటే పిల్లవాడు ఎడమవైపు ఒకసారి చదివి, కుడివైపు వరుసను మళ్ళీ మళ్ళీ పైనుంచి కిందికి వెతుకుతాడు. కుడివైపు పొడవాటి వాక్యాలు ఉంటే ఆ వెతుకులాటకే టైమంతా పోతుంది. కుడివైపు జవాబులను అకారాది క్రమంలో, అంకెలైతే చిన్న నుంచి పెద్దకు రాయండి. ఇందులో ఇంకో మంచి ఉంది. మనం తోచిన వరుసలో కలిపితే తెలియకుండానే ఒక పద్ధతి వచ్చేస్తుంది. చాలామంది ఉపాధ్యాయులు జవాబును ఎప్పుడూ ఎదురుగా పెట్టరు. పిల్లలకు అది తెలుసు. "ఎదురుగా ఉన్నది ఎప్పుడూ అవదు" అని ఒకరికొకరు చెప్పుకుంటారు కూడా. అకారాది క్రమంలో పెడితే ఒకటి ఎదురుగా పడొచ్చు, పడకపోవచ్చు, మన చేతిలో ఉండదు.

జాబితా చిన్నదిగా ఉండాలి. 6, 7 తరగతులకు ఎడమవైపు ఐదారు, పై తరగతులకు ఏడు వరకు సరే. మీరు ఇచ్చిన పది ఎక్కువే. పది కావాలంటే ఐదేసి చొప్పున రెండు విడి ప్రశ్నలుగా ఇవ్వండి, ఒకటి ప్రాజెక్టులు, ఒకటి కనీస వయసు. దానివల్ల ఒకే జాతి అన్న నియమం కూడా నిలుస్తుంది. ప్రశ్న మొత్తం ఒకే పేజీలో ఉండాలి. ఎడమవైపు మూడు అంశాలు ఈ పేజీ కింద, మిగతావి వెనక పేజీలో ఉన్న జిరాక్స్ కాగితాలు నేను చూశాను. పిల్లలు కాగితం తిప్పుతూ, మళ్ళీ తిప్పుతూ కంగారుపడిపోతారు.

మన బడుల్లో ఇంకా చాలా చోట్ల యూనిట్ టెస్టు బోర్డు మీదే రాస్తాం. అప్పుడు రెండు వరుసలనూ నోటుపుస్తకంలో ఎక్కించుకోమని చెప్పకండి. నలభై నిమిషాల పీరియడులో పది నిమిషాలు ఆ ఎక్కించుకోవడానికే పోతుంది, వెనక బెంచీవాళ్ళు తప్పు ఎక్కించుకుంటారు కూడా. "1 – సి" అని అంకె, అక్షరం రాస్తే చాలని చెప్పండి. గీతలు గీయించడం 1, 2 తరగతుల్లో బొమ్మలకు బాగుంటుంది. పై తరగతుల్లో ఐదు గీతలు ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఎక్కడికి వెళ్ళిందో దిద్దేవాడికి తెలియదు. చెరిపి మళ్ళీ గీసిన గీత ఇంకా కష్టం. కుడివైపు గుర్తులకు ఎ, బి, సి, డి అని వాడతాను. అచ్చుల వరుస వాడితే పిల్లల చేతిరాతలో అ, ఆ ఒకేలా కనబడి గొడవ అవుతుంది.

సీతంపేట వైపు పనిచేసిన రోజుల సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ నా తరగతిలో ఇంట్లో సవర మాట్లాడే పిల్లలు ఎక్కువ. ఎడమవైపు మూడేసి లైన్ల గ్రాంథిక వాక్యాలు పెట్టిన పేపరు బయటినుంచి వచ్చింది. నోటితో అడిగితే అదే విషయాన్ని గుక్క తిప్పుకోకుండా చెప్పిన పిల్లవాడు కాగితం మీద ఒక్కటీ కలపలేకపోయాడు. ఆ పేపరు అతని సాంఘికశాస్త్రాన్ని పరీక్షించలేదు, తెలుగు చదవడాన్ని పరీక్షించింది. అప్పటి నుంచి ఎడమవైపు ఏడెనిమిది మాటలు దాటనివ్వను, పాఠంలో నేను నోటితో చెప్పిన మాటలే వాడతాను. కుదిరితే బొమ్మ పెడతాను. మ్యాపు మీద 1 నుంచి 5 వరకు గుర్తులు పెట్టి, నదుల పేర్లు పక్కన ఇవ్వడం కూడా జతపరచండే, చాలామంది దీన్ని మరిచిపోతారు.

జతపరచండి అంటే బట్టీ ప్రశ్న అని చాలామంది అంటారు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవాటికి ఇది బాగా కుదురుతుంది, నిజమే. కానీ ఎడమవైపు పుస్తకంలో లేని సందర్భాలు పెడితే ఆలోచింపజేసే ప్రశ్న అవుతుంది. మా సైన్సు మాస్టారు ఒకరు తుల (లీవర్) గురించి ఇచ్చిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎడమవైపు కత్తెర, అడకత్తెర, పట్టకారు (ఒక కొసన కలిసి ఉండే చిమటా), పొలంలో నీరు తోడే ఏతం, గాలం కర్ర, మట్టి మోసే ఒంటిచక్రం బండి. కుడివైపు మూడే జవాబులు: మొదటి తరగతి తుల, రెండో తరగతి తుల, మూడో తరగతి తుల. ఏతం, గాలం కర్ర పాఠంలో లేవు. ఆధారం ఎక్కడ, బరువు ఎక్కడ, బలం ఎక్కడ పడుతోంది అని పిల్లలు కళ్ళతో ఊహించుకుని పెట్టాలి. ఏతం, కత్తెర మొదటి తరగతి. అడకత్తెర, ఒంటిచక్రం బండి రెండో తరగతి. పట్టకారు, గాలం కర్ర మూడో తరగతి. ఎడమ ఆరు, కుడి మూడే అయినా ఇది మంచి ప్రశ్న, ఎందుకంటే ప్రతి అంశానికీ మూడు జవాబులూ అవకాశమున్నవే. కుడివైపు ఎక్కువ ఉండాలన్న నియమం కంటే మొదట చెప్పిన మాట పెద్దదని అందుకే అన్నాను.

ఇది పనికిరాని చోట్లూ ఉన్నాయి. ఎందుకు జరిగింది, ఎలా జరిగింది అన్నవి ఇందులో పెట్టకండి. బొబ్బిలి యుద్ధానికి కారణాలు జతపరచండిలో పెడితే ఒక్కో కారణం ఒక్కో మాటగా కుదించుకుపోయి పిల్లలకు తప్పు అవగాహన వస్తుంది. అవి రాయించాలి.

మీరు డి.ఎస్సీ., టెట్ తరహాలో నాలుగు ఆప్షన్లతో ఇద్దామనుకుంటే ఒక్కటి చూసుకోండి. సరైన జత ఏదీ ఒక్క ఆప్షన్లోనే ఉండకూడదు. "1 – సి" అన్నది నాలుగు ఆప్షన్లలో ఒకేచోట ఉంటే, ఆ ఒక్కటి తెలిసినవాడు మిగతా మూడూ చదవకుండా టిక్ పెట్టేస్తాడు. ప్రతి సరైన జతా కనీసం రెండు ఆప్షన్లలో కనబడేలా అమర్చండి. ఉదాహరణకు సరైనది సి, ఎ, డి, బి అయితే మిగతా మూడు ఆప్షన్లు సి, ఎ, బి, డి. సి, బి, డి, ఎ. ఎ, సి, డి, బి. ఇందులో ఏ ఒక్క జత తెలిసినా జవాబు తేలదు. అయినా తరగతి గదిలో నేను ఈ తరహా ఇవ్వను. నాలుగు తెలిసినవాడికీ ఒకటే మార్కు, రెండు తెలిసినవాడు పొరబడితే సున్నా. పిల్లవాడికి ఎంత తెలుసో మనకు తెలియదు.

ప్రశ్న బాగుందో లేదో తేల్చుకోవడానికి నేను చేసే పని ఒకటి ఉంది. పాఠం మొదలుపెట్టక ముందే ఆ ప్రశ్నను ఐదారుగురు పిల్లలకు ఇచ్చి, మార్కులు లేవని చెప్పి నింపమంటాను. ఐదులో మూడు, నాలుగు వచ్చేస్తే ఆ ప్రశ్నను పారేస్తాను. ఎలా కలిపావు అని అడిగితే పిల్లలు దాపరికం లేకుండా చెప్పేస్తారు. "ఇదొక్కటే ఊరు పేరండి", "ఇది ఎలాగూ మిగిలిపోయిందండి" అంటారు. ఆ మాటలే మనకు దిద్దుబాటు.

మీ జాబితాను ఇలా మార్చి చూడండి.

సూచన: ఎడమవైపు ఉన్న ప్రతి ఊరినీ అది పేరు పొందిన వస్తువుతో జతపరచి, అక్షరాన్ని కుండలీకరణంలో రాయండి. ఒక జవాబును ఒక్కసారే వాడాలి. రెండు జవాబులు మిగిలిపోతాయి.

1. పొందూరు ( ) ఎ. ఇత్తడి సామాన్లు
2. బొబ్బిలి ( ) బి. ఖాదీ
3. పలాస ( ) సి. జీడిపప్పు
4. ఏటికొప్పాక ( ) డి. తోలుబొమ్మలు
5. బుడితి ( ) ఇ. పట్టు చీరలు
( ) ఎఫ్. లక్క బొమ్మలు
( ) జి. వీణలు

ఎడమ ఖాళీగా ఉన్న చివరి రెండు లైన్లలో కుండలీకరణాలు పెట్టకండి, ఇక్కడ వరుస చూపడానికి మాత్రమే పెట్టాను. కీ: 1 – బి, 2 – జి, 3 – సి, 4 – ఎఫ్, 5 – ఎ. పొందూరు, పలాస మీ పిల్లలకు ముందే తెలిసి ఉండొచ్చు. అది ఫర్వాలేదు, మొదటి ఒకటి రెండు తేలికగా ఉంటే టెన్షన్ తగ్గుతుంది. అసలు పరీక్ష బుడితి, ఏటికొప్పాక దగ్గర మొదలవుతుంది.

అయిపోయిన పరీక్ష మార్కులు మార్చకండి, రికార్డులో అలాగే ఉండనివ్వండి. ఆ అమ్మాయి పేపరు మాత్రం తీసి, తప్పుపోయిన రెండూ ఒకదానికొకటి తారుమారయ్యాయేమో చూడండి. అయి ఉంటే ఆమెను పిలిచి, నీకు తెలియనిది ఒక్కటే, రెండోది ప్రశ్న వల్ల పోయిందని చెప్పండి.